ఒక్కపొద్దుకు పనికిరాని కడుపు

మా అన్నయ్య తిండి గురించి జగ్గయ్యపేటలో చాలా కథలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో సగం నేను పుట్టించినవి. మిగతా సగం నిజాలు. ఏది ఏదో ఇప్పుడు నాకే గుర్తులేదు. ఆయన సిమెంటు లారీ తోలేవాడు. హైవే మీద ఏ హోటలు ముందైనా ఆయన బండి ఆగితే, లోపల వంటవాడు చొక్కా విప్పి పక్కన పెట్టి, పొయ్యి మంట పెంచి, 'ఇవాళ ఇంటికి రావడం ఆలస్యమవుద్ది' అని పెళ్ళానికి ఫోను చేసేవాడట. గోంగూర పచ్చడి అడుగు కనిపించిన గిన్నెను ఆయన మిత్రుడిగా గుర్తించేవాడు కాదు. మిరపకాయ బజ్జీని కాయ తొడిమతో సహా తినేవాడు, మళ్ళీ ఘాటు చాలలేదని కొట్టువాడితో గొడవ పడేవాడు.

అదే మనిషి రంజాను నెల వచ్చేసరికి ఇంకో అవతారం ఎత్తేవాడు. మా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతాం. మసీదులో రోజా అంటాం గానీ, ఇంటికొస్తే అది ఒక్కపొద్దు. నిప్పులు కురిసే ఎండలో, కాళ్ళ కింద ఇంజను కాగుతుంటే, గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా మా అన్నయ్య సిమెంటు లోడుతో విజయవాడ దాకా పోయి వచ్చేవాడు. చిల్లకల్లు దగ్గర టోల్‌గేటులో ఉన్న కుర్రాళ్ళు ఆయన పెదాలు చూసి వాళ్ళే నీళ్ళు తాగేవారని చెబుతుంటాను. జ్వరమొచ్చిన ఏడు కూడా ఆయన మానలేదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆయన ఒక్కపొద్దు తప్పింది లేదు.

నా సంగతి వేరు. నాది పరుపుల కొట్టు. రోజంతా దూది మధ్య, నీడ పట్టున కూర్చునే ఉద్యోగం. అయినా రంజాను నెలలో పొద్దున పదింటికే నా మొహం చూసి, దిండ్లు కొనడానికొచ్చినవాళ్ళు గొంతు తగ్గించి, "ఎవరు పోయారండీ?" అని అడుగుతారు. మధ్యాహ్నానికి నేను కొట్లోని పరుపుల మీదే పడుకుని, పక్క వీధిలో ఎవరింట్లో ఏం వేయిస్తున్నారో వాసన మీద చెప్పగలిగే స్థితికి చేరుకుంటాను. సాయంత్రం నమాజు పిలుపు వినిపించే ముందు క్షణాల్లో నేనంత భక్తుడు కృష్ణా జిల్లా మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఇలాంటి ఇద్దరు అన్నదమ్ములుంటే, కడుపులో పుండు ఎవరికి రావాలి? న్యాయం ఉన్న లోకమైతే నాకు రావాలి.

అన్నయ్యకి నడుంనొప్పి. సీటు మీద అన్నేళ్ళు కూర్చున్న నడుం అది. మందుల షాపు ముందు బండి ఆపి, దిగకుండానే "ఆ తెల్ల మాత్రలియ్యి" అని అరిచేవాడు. ఖాళీ కడుపున టీతో మింగేవాడు. అలా ఆయన మింగిన మాత్రలన్నీ పోగేస్తే మన సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒకదానికి సున్నపురాయి కొరత తీరేది. కొన్నాళ్ళకి గుండె కింద మంట మొదలైంది. సోడా తాగాడు. వాము నమిలాడు. వీధిలో వైద్యం తెలియనివాడంటూ లేడు కాబట్టి, ఒకరు మజ్జిగ అన్నారు, ఒకరు మజ్జిగ విషం అన్నారు. చివరికి ఒకనాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల వరసలో ఉండగా, బండి దిగబోయి కూలబడ్డాడు. నందిగామ ఆసుపత్రికి తీసుకుపోయాం. నోట్లోంచి గొట్టం వేసి చూశారు. పుండు. లోపల్లోపలే నెత్తురు కారుతోందట.

డాక్టరుగారు నెమ్మదస్తుడు. నొప్పి మాత్రలు మానాలి, బీడీ మానాలి, కారం తగ్గించాలి, అన్నిటికంటే ముందు కడుపు ఖాళీగా ఉంచకూడదు, కొంచెం కొంచెంగా పూటపూటకీ ఏదో ఒకటి తినాలి అని చెప్పాడు. పుండులో పురుగు కూడా ఉందని దానికి వేరే మందు రాశాడు. మా వదిన చేతులు కట్టుకుని అంతా విన్నది. విని, అసలు ప్రశ్న అడిగింది.

"రంజాను దగ్గరకొచ్చిందండి. ఒక్కపొద్దు ఉండొచ్చా?"

"ఈ ఏడు కుదరదమ్మా. ఆయన మందులు వేసుకోవాలి, వేళకి తినాలి."

నేను పక్కన నిలబడి ఉన్నా. ఆ సెలవు నాకెందుకు రాలేదా అని ఒక్క క్షణం అనిపించింది. దేవుడి ఆఫీసులో మా ఇద్దరి దరఖాస్తులు తారుమారయ్యాయి అని జోకు కూడా తయారుచేసుకున్నా. అది అందామని అన్నయ్య వైపు తిరిగి, ఆయన మొహం చూసి, నోట్లోనే ఉంచుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కారులో ముందు సీటు ఆయనకిచ్చాం. మామూలుగా అయితే మా అన్నయ్య పక్కన కూర్చుని ప్రయాణం చేయడం ఒక శిక్ష. ఎదురొచ్చే ప్రతి బండివాడికీ మార్కులు వేస్తాడు. "వీడికి లైసెన్సిచ్చినోణ్ణి పట్టుకోవాలి ముందు," "ఆ గేరేంట్రా, ఆ గేరేంటి" అంటూ ఊరొచ్చేదాకా ఆగడు. ఆ రోజు ఒక ట్రాక్టరువాడు తప్పుదారిన ఎదురొచ్చి, మా డ్రైవరు ప్రాణాలు అరచేతిలో పట్టుకుని బ్రేకు తొక్కాడు. అన్నయ్య ఒక్క మాట అనలేదు. కడుపునొప్పి కాబోలు అనుకున్నా.

ఆ తర్వాత మేం ప్రతిదానికీ అదే అనుకున్నాం. ఆయన తెల్లారకముందే లేచి గోడ వైపు చూస్తూ కూర్చుంటే, పుండు. గడ్డం గీసుకోకపోతే, పుండు. తోటి డ్రైవర్లు ఫోను చేస్తే ఎత్తకుండా, అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ ఉంటే, పుండు. ఆ పుండు మీద మేం వేసిన నేరాలకి దానికి ఉరిశిక్ష పడాలి.

ఇంతలో రంజాను వచ్చింది.

నెలవంక కనిపించడానికి ముందు రోజు వదిన వంటింట్లో మా రహస్య సమావేశం జరిగింది. మావి రెండిళ్ళూ ఆనుకునే ఉంటాయి, వెనక ఒకటే పెరడు. వదిన, మా ఆవిడ, నేను. విషయం ఏంటంటే, అన్నయ్య ఒక్కపొద్దు ఉండట్లేదని బయటికి తెలియకూడదు.

"అడిగినోళ్ళకి కడుపులో పుండని చెబితే పోలా?" అంది మా ఆవిడ. సమావేశంలో తెలివైన మాట అదొక్కటే. అందుకే ఎవరం పట్టించుకోలేదు.

"నీకు తెలీదమ్మా. మీ బావగారు తలెత్తుకోలేరు," అంది వదిన. "వీధిలో పిల్లలందరికీ ఆయన్ని చూపించే కదా చెప్పేది, లారీ తోలుకుంటా కూడా ఉంటాడు చూడండని. ఇప్పుడు ఆయనే పట్టపగలు కంచం ముందేసుకుంటే?"

"నేనున్నా కదా వదినా," అన్నాను. ఈ మాట నేనన్న ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒక అనర్థం జరిగింది.

దాంతో మా వీధి చరిత్రలో అతి పెద్ద దొంగరవాణా మొదలైంది. మొదటి చిక్కు కుక్కరు విజిలు. రంజాను నెలలో మధ్యాహ్నం మా వీధిలో కుక్కరు కూసిందంటే, అది రైలు కూతకంటే దూరం వినపడుతుంది. ఇళ్ళిళ్ళలోంచి తలలు బయటికొస్తాయి. అందుకని వదిన తెల్లవారుజామున అందరితోపాటే వండి, ఆయన అన్నం విడిగా తీసి హాట్‌బాక్సులో పెట్టేది. మధ్యలో తినడానికి ఇడ్లీలు, అరటిపళ్ళు, బ్రెడ్డు నా వంతు. టిఫిను పొట్లం చేత్తో పట్టుకుని వీధిలో నడిస్తే దొరికిపోతానని, కొట్లోంచి దిండు గలీబు తెచ్చి అందులో వేసుకుని భుజాన పెట్టుకుని పోయేవాణ్ణి. గలీబుల్లో ఇడ్లీలు మోసిన పరుపుల వ్యాపారి భూమండలం మీద నేనొక్కణ్ణే. ఆ వాసన ముక్కు కిందే ఉంటుంది, నేనేమో ఒక్కపొద్దులో ఉంటాను. స్వర్గంలో నాకు ఏదైనా చోటు దొరికితే అది ఆ గలీబుల వల్లే.

అన్నయ్య వెనకగదిలో తినేవాడు. తలుపు మూసి, వీధివైపు కిటికీ మూసి. పెరడు వైపు చిన్న కిటికీ ఒకటి మాత్రం గాలికి వదిలేవాళ్ళం. వదిన వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతూ కాపలా కాసేది. ఎవరైనా వస్తే "నిద్రపోతున్నారు, ఒక్కపొద్దు కదా" అనేది. ఆవిడ ఆ నెలలో చెరిగిన బియ్యంలోంచి రాయన్నది భయపడి తనంతట తనే పారిపోయి ఉంటుంది.

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. సాయంత్రం సంగతే బాలేదు.

కథ నమ్మాలంటే సాయంత్రం ఆయన మసీదుకి రావాలి, వరసలో కూర్చుని అందరితో కలిసి ఒక్కపొద్దు విడవాలి. నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఎదురుగా ఖర్జూరం, పుచ్చకాయ ముక్కలు, శనగలు. నేను వాటి వైపు చూసే చూపుకి పుచ్చకాయ ఎరుపు ఇంకా పెరిగేది. ఆయన కళ్ళు మాత్రం నేలచాప మీదుండేవి. ఒకరోజు మా మసీదు పెద్దాయన, అందరికీ నమాజు చదివించే ముసలాయన, మా వరస దగ్గరికొచ్చి ఆగాడు. మంచి మనిషి. ఆ మంచితనమే కొంప ముంచింది.

"చూడండయ్యా కుర్రోళ్ళూ," అన్నాడు అందరికీ వినపడేలా. "నందిగామ ఆసుపత్రిలో పడుకుని లేచొచ్చిన మనిషి. ఒక్క పూటన్నా మానాడా? మీరేమో పరీక్షలు, ఎండలని సాకులు చెబుతారు!"

కుర్రాళ్ళంతా అన్నయ్య వైపు తిరిగి చూశారు. పిలుపు వినపడింది. అందరి చేతులూ నోటిదాకా లేచాయి. అన్నయ్య వేళ్ళ మధ్య ఉన్న ఖర్జూరం మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళింది. నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టేశాడు.

ఇంటికి నడుస్తూ అన్నాడు: "ఏరా, దొంగతనం చేసినోడిక్కూడా ఇంత సిగ్గుండదేమో కదా."

"దొంగలకి ఇంత మంచి సప్లయరు దొరకడు కదన్నయ్యా," అన్నాను, గలీబు గుర్తుచేస్తూ.

నా జోకులకి మా అన్నయ్య నవ్వకపోవడం అంటే లారీకి హారను లేకపోవడం లాంటిది. చిన్నప్పటినుంచి నా మొదటి శ్రోత ఆయనే. బాలేని జోకుకి కూడా వీపు మీద ఒక్కటి చరిచి మరీ నవ్వేవాడు. ఆ చరుపుకి భయపడి నేను కొన్నాళ్ళు మంచి జోకులు వేయడం మానేశానని కూడా అంటుంటాను. ఆ సాయంత్రం ఆయన నా వైపు మర్యాదగా చూశాడు. కొత్త మనిషి దారి అడిగితే చూసినట్టు.

తర్వాత రోజునుంచి మసీదుకి రానన్నాడు. వెనకగదిలో కంచం మాత్రం ఖాళీగా బయటికొస్తోంది. వదినకి అదే పదివేలు. "తింటున్నారులే, తింటే అదే సర్దుకుంటది," అనేది.

అసలు సంగతి మేక బయటపెట్టింది. పక్కింటివాళ్ళు బక్రీదుకని పెంచుతున్న మేకపోతు. వచ్చినప్పుడు నా మోచెయ్యంత ఉండేది. రంజాను సగమయ్యేసరికి ఎద్దుతో పోటీకి పంపొచ్చు అన్నట్టు తయారైంది. పక్కింటాయన తవుడు మహిమ అనుకుని ఆ కొట్టువాణ్ణి పొగుడుతున్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి అది తాడు తెంచుకుని మా పెరట్లోకొచ్చి, చిన్న కిటికీ కింద, టికెట్టు తీసుకుని బస్సు కోసం నిలబడ్డ మనిషిలా నిలబడేది. ఒకరోజు దాని గడ్డానికి పెరుగు మెతుకులు చూశాను.

తలుపు తోసుకుని లోపలికెళ్ళా.

"అన్నయ్యా, నీ అన్నం మేక తింటోందా?"

"తినదా మరి. దానికి ఆకలేసిద్ది," అన్నాడు.

"మరి నీకు?"

కిటికీ వైపు తిరిగాడు. ఎముకల గూటికి చొక్కా తగిలించినట్టున్నాడు. రోజూ చూస్తున్న మనిషినే అప్పుడు చూశాను.

నాకు అంతా అర్థమైపోయిందనిపించింది. దొంగచాటుగా ఒక్కపొద్దుంటున్నాడు! మేం తినమని దాస్తుంటే, ఆయన తినకుండా దాస్తున్నాడు. వదినకి చెబితే ఏడ్చింది. ఇక దాపరికం లేదని మసీదు పెద్దాయన దగ్గరికి నేనే పోయి మొత్తం చెప్పేశాను, గలీబులతో సహా. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, నేనేమో నలుగుర్లో మెచ్చుకుంటినే!" అంటూ నాతోపాటే బయల్దేరాడు.

ఆయన వచ్చి మంచం మీద అన్నయ్య పక్కనే కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు.

"జబ్బు చేసినోడికి ఒక్కపొద్దు లేదయ్యా. నేను చెప్పేది కాదు, సాక్షాత్తూ దేవుడిచ్చిన సెలవు. నయమయ్యాక ఉండొచ్చు. అదీ కుదరకపోతే పేదోళ్ళకి అన్నం పెట్టొచ్చు. ఆయన వద్దంటుంటే నువ్వుంటానంటావేంటి?"

"తెలుసండి," అన్నాడు అన్నయ్య.

"తెలిస్తే మరి తిను."

"తింటానండి."

పెద్దాయన సంతోషంగా లేచాడు. గుమ్మం దగ్గర నా భుజం తట్టి, "అయిపోయింది, ఇక బెంగ లేదు," అన్నాడు. నాకూ కొండంత బరువు దిగినట్టయింది. దేవుడి తరఫున మనిషే వచ్చి చెప్పాక ఇంకేం కావాలి?

పెద్దాయన్ని సాగనంపి వచ్చేసరికి వదిన కంచం పెట్టి ఉంది. అన్నయ్య దాన్ని చూస్తున్నాడు.

"ఇప్పుడన్నా తిను అన్నయ్యా. ఒక్కపొద్దు లేదని ఆయనే చెప్పాడుగా."

"ఒక్కపొద్దు కాదురా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "ఒక్కపొద్దుంటే సాయంత్రానికి ఆకలెయ్యాలి కదా. నాకు సాయంత్రం కూడా వెయ్యట్లా. ఉందామని అనుకోవడానికి కూడా ఓపిక రావట్లా. కూర్చుంటే ఒక్కపొద్దు పట్టేముందు చదివే ఆ నాలుగు మాటలు గుర్తురావట్లా."

ఆ మాటకి నా దగ్గర జోకు లేదు. జోకు కాకుండా వేరే ఏదైనా మాట కూడా లేదు. జీవితమంతా ఒకే సరుకు అమ్మిన కొట్టువాడికి, వచ్చినవాడు ఇంకేదో అడిగితే ఎలా ఉంటుందో అలా నిలబడ్డాను.

అయినా పండగ మీద ఆశ పెట్టుకున్నాం. మా లెక్క ఏంటంటే, ఈ నెల వల్ల కదా సిగ్గు, సిగ్గు వల్ల కదా ఆకలి చచ్చింది. పండగ రోజు ఎవరూ ఒక్కపొద్దుండకూడదు. ఊరంతా పట్టపగలు తింటుంది. ఆ రోజు ఆయనా మనలో ఒకడైపోతాడు. మిగిలిన రోజులన్నీ మేం అలాగే నెట్టుకొచ్చాం. వదిన గోరుముద్దల సైజులో ఏదో ఒకటి తినిపిస్తూ, మందులు అరచేతిలో పెట్టి మింగేదాకా నిలబడుతూ.

పండగ రోజు కొత్త లాల్చీ తొడిగి ఈద్గాకి తీసుకెళ్ళాం. లాల్చీలో ఇంకో మనిషి పట్టేంత చోటుంది. వరసలో నిలబడ్డాడు, వంగాడు, లేచాడు. కౌగిలించుకున్నవాళ్ళకి తిరిగి చేతులు వేశాడు. ఇంటికొచ్చాక వదిన పాల సేమ్యా గిన్నె చేతికిచ్చింది. జీడిపప్పు తేలుతోంది. కారం లేదు, పులుపు లేదు, డాక్టరు వద్దన్నదేదీ అందులో లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరం మాట్లాడుకుంటున్నట్టు నటిస్తూ ఆ గిన్నె వైపే చూస్తున్నాం. వచ్చినవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. ఆయన అందరికీ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు మా కొట్లో నవ్వుమొహం అచ్చేసిన దిండు గలీబులు గుర్తొచ్చాయి. అందరూ పోయాక చూస్తే, పాల మీద మీగడ కట్టి ఉంది. చెంచా వేసినచోటే ఉంది.

వదిన గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు.

మళ్ళీ నొప్పి ఎక్కువైంది. మళ్ళీ నందిగామ. మళ్ళీ గొట్టం. డాక్టరుగారు గొట్టం తీసిన పాత, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మందు వాడినదానికి మానాల్సినంత మానలేదన్నాడు.

"నిద్ర పడుతోందా?" అనడిగాడు అన్నయ్యని.

"నిద్రెక్కడండి, కోళ్ళని ఈయనే లేపుతున్నాడు," అన్నాను నేను.

"ఇష్టమైన పనులు చేస్తున్నారా? నలుగురితో మాట్లాడుతున్నారా?"

"అసలు ఈయన గొంతు వినాలంటే పాత ఫోన్లలో వెతుక్కోవాలండి."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "మీరు కాదండీ. ఆయన్ని చెప్పనివ్వండి."

"బానే ఉన్నానండి," అన్నాడు అన్నయ్య.

డాక్టరుగారు అప్పుడు వదినకి చెప్పాడు. పుండు రావడానికి నొప్పి మాత్రలు, ఆ పురుగు కారణం, మనోవ్యాధి వల్ల వచ్చిందని అనుకోవద్దు. కానీ నెలల తరబడి మంట, తిండి లేకపోవడం, పని లేకపోవడం కలిసి చాలామందికి మనసు కుంగిపోతుంది. మనసు కుంగినవాడు తిండి తినడు, నిద్రపోడు, మందు వేళకి వేసుకోడు, పుండు మానదు. అది మానకపోతే మనసు ఇంకా కుంగుతుంది. "రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయమ్మా. నేను ఒకదానికే మందివ్వగలను. రెండోదానికి వేరే డాక్టరమ్మ ఉంది, వారానికోసారి ఈ ఊరొస్తుంది. చూపించండి."

ఆయన చెప్పాకే అర్థమైంది గానీ, ఆలోచిస్తే అది నాకు కొత్త సంగతేం కాదనిపించింది. మా రెండిళ్ళకీ మధ్యలో ఉన్నది ఒకటే గోడ. ఆయన ఇంట్లో చెమ్మ పడితే మా ఇంట్లో సున్నం రాలుతుంది. ఇన్నాళ్ళూ మేం ఒకవైపే సున్నం కొడుతున్నాం.

బయటికొచ్చాక వదిన నన్ను పక్కకి లాగింది.

"పిచ్చి డాక్టరా అబ్బాయ్?"

"మనసు డాక్టరు వదినా."

"ఏదైతేనేం. వీధిలో ఏం చెబుదాం?"

నా బుర్ర అప్పటికే పనిచేయడం మొదలుపెట్టింది. "కడుపు డాక్టరుకే చూపిస్తున్నాం అందాం. బస్సుకి కాకుండా కారులో..."

వెనకనుంచి అన్నయ్య గొంతు వినపడింది. ఎప్పుడొచ్చాడో. "ఈసారి నన్ను కూడా గలీబులో ఏసుకుపోతావా ఏంట్రా?"

చాలా రోజుల తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన జోకు. నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నవ్వలేదు. వదిన ఒక్కసారిగా భోరుమంది. ఆసుపత్రి గేటు ముందు, పళ్ళబండి పక్కన, నందిగామ అంతా పోతూ వస్తూ చూస్తుండగా ముగ్గురం అలా నిలబడిపోయాం.

తర్వాతి వారం బస్సులోనే వెళ్ళాం, ఆయనా నేనూ. ఎక్కడికని అడిగినవాళ్ళకి మనసు డాక్టరు దగ్గరికని చెప్పాను. నేనే చెప్పాను. అడిగినవాళ్ళు ఇంకో ప్రశ్న వేయలేక కిటికీలోంచి చూశారు. దారంతా నేను డాక్టరమ్మకి చెప్పాల్సిన ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మొదలు, నడక, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆవిడ నవ్వాలి, అన్నీ.

గదిలోకి ఇద్దరం వెళ్ళాం. చిన్న వయసే ఆవిడది. "కూర్చోండి," అంది అన్నయ్యని. నా వైపు తిరిగి, "మీరు బయట కూర్చోండి," అంది.

"అదికాదండి, ఈయన ఏమీ చెప్పడు. నేనైతే మొదట్నుంచి..."

"పర్లేదండి. చెప్పకపోయినా పర్లేదు. మీరు కూర్చోండి బయట."

తలుపు నా మొహం మీద మెల్లగా మూసుకుంది.

బయట ప్లాస్టిక్ కుర్చీలు. పక్కన ఒక పెద్దావిడ, వాళ్ళమ్మాయిని చూపించడానికి వచ్చినట్టుంది. "మీకెవరికండీ?" అనడిగింది.

మామూలుగా ఆ ప్రశ్న నాకు దొరికితే, సాయంత్రం దాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేకపోయేది. "మా అన్నయ్యకండి," అన్నాను. అంతకుమించి రాలేదు.

లోపల ఏ చప్పుడూ లేదు. నాకు చప్పుడు లేకపోతే ఊపిరాడదు. తర్వాత చాలాసేపటికి, తలుపు వెనక, అన్నయ్య గొంతు. ఒక్కో మాట తెచ్చి పెడుతున్నట్టు. ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఏమంటున్నాడో వినపడలేదు. చెవి ఆనిద్దామని లేచాను. పెద్దావిడ చూస్తోంది. మళ్ళీ కూర్చున్నాను.

బయటికొచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో మందుల చీటీ.

"ఏం చెప్పావన్నయ్యా?"

"ఏం లేదురా."

"ఏమంది?"

"మందు పనిచెయ్యడానికి టైము పట్టిద్దంట. మళ్ళీ రమ్మంది."

"వస్తావా?"

బస్సొచ్చింది. ఎక్కాడు. నేను పక్కన కూర్చున్నాను. చిల్లకల్లు దాటుతుండగా బస్సు డ్రైవరు ఒక లారీని ఎడమవైపునుంచి దాటేశాడు. నేను అన్నయ్య వైపు చూశాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు.

ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. ఏమైందని నన్ను కళ్ళతో అడిగింది. తెలీదని నేనూ కళ్ళతోనే చెప్పాను. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి ఉన్నాయి. ముందుగదిలోనే కంచం పెట్టింది. మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు, కొంచెం నెయ్యి. ఆయన చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. గొంతులో దిగడం కనపడింది. ఇంకో ముద్ద. తర్వాత కలుపుతూ ఉండిపోయాడు.

వదిన నావైపు చూడలేదు. నేను వదినవైపు చూడలేదు. మేమిద్దరం చూస్తున్నామని తెలిస్తే ఆపేస్తాడేమోనని ఆవిడ అలమారా సర్దడం మొదలుపెట్టింది, నేను గోడమీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను. వెనకనుంచి వేళ్ళు అన్నం కలుపుతున్న చప్పుడు వినపడుతోంది. అది నోటిదాకా వెళ్తోందో లేదో, తిరిగి చూస్తే గానీ తెలియదు. మేం తిరగలేదు.